నాణేనికి బీరువా, కుంచానికి ఎట్సెట్రా

కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో చనిపోయాడు. దక్షిణాదిన ఊరూరా తాను తిరిగి, మనుషుల్ని తిప్పి ఆయన పోగేసిన సామగ్రికి విల్సన్ అనే సంస్కృత పండితుడు జాబితా కట్టి 1828లో కలకత్తాలో అచ్చువేయించాడు. తెలుగువాళ్లకు ఆ సేకరణ కైఫియత్తుల (ఊళ్ల చరిత్రల రాతల) పుణ్యమా అని బాగానే తెలుసు. దాని లెక్కల పట్టికను మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. శాసనాల నకళ్లు 8,076. నాణేలు 6,218. ప్రతిమలు 106. అవన్నీ అయ్యాక, మిగతా పాత వస్తువులన్నీ కలిపి 40.

ఆరువేల పైచిలుకు నాణేలు సంపాదించిన మనుషులకు ఊరి ఇళ్లల్లోనే ఉన్న గింజలు కొలిచే కుంచాలు, దీపపు సెమ్మెలు, కత్తిపీటలు కనబడలేదా? కనబడే ఉంటాయి. రాసుకోదగ్గవిగా అనిపించలేదు, అంతే. రెండు వందల ఏళ్లు గడిచినా ఆ నిష్పత్తి పెద్దగా మారలేదు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లెవరైనా తమ ఊరి మధ్యయుగ చరిత్ర కోసం లైబ్రరీ కేటలాగు తెరిస్తే ఎదురయ్యేది అదే. నాణేల మీద పుస్తకాలు దొరుకుతాయి. ఆ నాణేలు ఇచ్చి జనం ఏం కొన్నారు, దేంతో కొలిచారు, ఎందులో వండుకున్నారు అంటే చెప్పే పుస్తకం దొరకదు. సమాచారం బొత్తిగా లేదని కాదు. ఉన్నది నాలుగైదు బీరువాల్లో, రెండు మూడు రాష్ట్రాల పేర్ల కింద చెదిరిపోయి ఉంది. ఎందుకలా చెదిరిందో తెలిస్తే వెతకడం సగం తేలికవుతుంది.

నాణేలకు ఇంత మర్యాద ఎందుకంటే, అవి కేటలాగు రాసేవాడి పని తగ్గిస్తాయి. బొమ్మ ఉంటుంది, అక్షరం ఉంటుంది, ఒక్కోసారి రాజు పేరో సంవత్సరమో ఉంటుంది. చిన్నవి కాబట్టి ఓడెక్కి లండన్ దాకా వెళ్లగలవు. ఒకేలాంటివి వందలు దొరుకుతాయి కాబట్టి వరసలు కట్టవచ్చు. వాల్టర్ ఇలియట్ 1886లో దక్షిణ భారత నాణేల మీద పుస్తకం వేశాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ తన మ్యూజియంలోని నాణేలకు కేటలాగులు రాశాడు. 1910లో న్యూమిస్మాటిక్ సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టింది. అదే థర్‌స్టన్ కులాల గురించీ తెగల గురించీ 1909లో ఏడు సంపుటాలు వేశాడు. జనం వాడే వస్తువుల సంగతులు వెతకాల్సింది వాటిల్లో. అంటే ఒకే మనిషి రాసిన నాణెం ఒక శాస్త్రంలోకి, కుండ ఇంకో శాస్త్రంలోకి వెళ్లిపోయాయి. అవి మళ్లీ కలుసుకోలేదు.

మన ప్రాంతానికి సంబంధించిన నాణెమే ఒకటి తీసుకుందాం. తూర్పు గాంగుల బంగారు ఫణం. కళింగనగరం రాజధానిగా ఏలినవాళ్లు వీళ్లు. అనంతవర్మ చోడగంగ 1078లో గద్దెనెక్కి దాదాపు డెబ్భై ఏళ్లు రాజ్యం చేశాడు. వీళ్ల ఫణం చిటికెన వేలి గోరంత ఉంటుంది, బరువు అర గ్రాముకు అటూఇటూ. ఒకవైపు పడుకున్న నంది, దాని చుట్టూ శంఖం, అంకుశం, నెలవంక లాంటి గుర్తులు. రెండోవైపు ‘స’ అనే అక్షరం, దాని కింద ఒక అంకె. సంవత్సరం అనే మాటకు ఆ ‘స’ పొడి అక్షరం. రాజు పేరు ఎక్కడా ఉండదు.

కేటలాగులో దీని వివరం పొడిపొడిగా ఉంటుంది: లోహం, బరువు, వ్యాసం, ముఖభాగం, వెనుకభాగం, ఎక్కడిది, ఏ పాత పుస్తకంలో ఏ నంబరు. పాత పుస్తకాల్లో బరువు గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో ఇస్తారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము. కాబట్టి 7 గ్రెయిన్లు అని ఉంటే 0.45 గ్రాము, కంసాలి లెక్కలో నాలుగు గురిగింజలకు కాస్త తక్కువ. ఇంతవరకు చిక్కేమీ లేదు. చిక్కంతా ఆ ‘స’ కింది అంకె దగ్గరుంది.

అంకె రాజు గద్దెనెక్కిన ఏడాది నుంచి లెక్క. ఏ రాజు అన్నది నాణెం చెప్పదు. అది చాలదన్నట్టు ఒడిశాలో అంకం అనే లెక్క ఒకటుంది. అందులో 1 ఉండదు, 6 ఉండదు. 6తో ముగిసే అంకెలేవీ ఉండవు. సున్నాతో ముగిసేవాటిలో 10 ఒక్కటే ఉంటుంది. 20, 30, 40 ఉండవు. భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, సునియా పండగ రోజున, అంకం మారుతుంది. పూరీ గజపతి అంకం ఈనాటికీ ఒడియా పంజికల్లో అచ్చవుతూనే ఉంది. గంజాం జిల్లా బరంపురంలో తెలుగు పంచాంగం పక్కన ఒడియా పంజిక కూడా పెట్టుకునే ఇళ్లవాళ్లకు ఇది కొత్తేం కాదు.

లెక్క చూడండి. రాజు మొదటి ఏడాది 2వ అంకం. నాలుగో ఏడాది 5. ఐదో ఏడాది 6 కావాలి గానీ 6 లేదు కాబట్టి 7. ఎనిమిదో ఏడాది 10. పదమూడో ఏడాది 15, పద్నాలుగో ఏడాది ఏకంగా 17. వెనక్కి లెక్కించాలంటే ఆ అంకె దాకా వదిలేసినవి ఎన్నో తీసేయాలి. 25వ అంకం అని ఉంటే 1, 6, 16, 20 నాలుగూ తీసేస్తే 21వ ఏడాది. 34 అని ఉంటే వీటికి 26, 30 కూడా చేరి ఆరు పోతాయి, 28వ ఏడాది అవుతుంది. ఈ సంగతి తెలియక అంకెను అలాగే కలుపుకుంటే ఆరేళ్ల తప్పు.

మరి ఫణం మీది అంకె అంకమా, మామూలు రాజ్య సంవత్సరమా? దీనికి పరీక్ష నాణేల్లోనే ఉంది. 6, 16, 20, 26 లాంటి అంకెలు స్పష్టంగా ఉన్న నాణెం దొరికితే ఆ వరసకు అంకం లెక్క వర్తించదు. ఎన్ని నాణేలు చూసినా అవి లేకుండా మిగతావే కనబడుతుంటే వర్తించవచ్చు. ఒక్క నాణేన్ని ఎంత భూతద్దం పెట్టి చూసినా ఇది తేలదు, వరస మొత్తం ముందుండాలి. కేటలాగు అసలు ప్రయోజనం ఇదే. ఫొటోలు బాగున్నాయా లేదా అన్నది తర్వాతి సంగతి.

కానీ ఇంత చేసినా మనకు తెలిసేది ఎప్పటిదని మాత్రమే. ఫణం ఇస్తే ఏమొచ్చేది? దీనికి నాణేల పుస్తకం నోరు మెదపదు. శాసనాల దగ్గరికి పోవాలి.

శ్రీముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ ఐదో సంపుటంలో, సింహాచలం శాసనాలు ఆరో సంపుటంలో 1920ల్లో అచ్చయ్యాయి. దానశాసనాలే ఎక్కువ. దాత గుడికి ఇన్ని గండమాడలు (బంగారు నాణేలు) ఇస్తాడు, దానికి బదులుగా అఖండదీపానికి రోజూ ఇంత నెయ్యి, నైవేద్యానికి ఇంత బియ్యం, ఆచంద్రార్కం జరగాలని రాయిస్తాడు. చదివేవాడికి అక్కడ మాడలు, చిన్నాలు, రూకలు, కుంచాలు, మానికలు అన్నీ ఒకే వాక్యంలో దొరుకుతాయి. నాణెం విలువ తెలిసేది అక్కడే. అది తెలియాలంటే మాత్రం కుంచం ఎంతో తెలియాలి.

ఇక్కడే అసలు ఇరకాటం. మన పెద్దవాళ్ల లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ మెట్లు చాలామందికి ఇప్పటికీ గుర్తే. కానీ మెట్ల సంఖ్య ఒకటే అయినా మెట్టు ఎత్తు ఊరూరికీ మారేది. ఒక సంతలో కుంచం ఇంకో సంతలో కుంచం కాదు. గుడి కుంచం వేరు, కామందు కుంచం వేరు. మెట్రిక్ కొలతలు వచ్చి ఆ తేడాలన్నీ చెరిపేశాయి. 1956లో చట్టం చేశారు, 1960ల మొదట్లో పల్లెల దాకా వచ్చింది. తేడాలతో పాటు పాత్రలూ పోయాయి. ఇత్తడి కుంచం, కంచు గిన్నె పాతబడితే అటక మీద ఉండవు. తూకానికి వెళ్తాయి, కరిగి ఇంకోటవుతాయి. గంజాం జిల్లా బెళ్లగుంఠలో ఒళ్లు వంచే ఇత్తడి చేపలు చేస్తారు కదా, వాటిలో ఏ తాతమ్మ గిన్నె కరిగి ఉందో ఎవరికి తెలుసు. బంగారం కూడా కరుగుతుంది, నిజమే. కానీ భయం పుట్టినప్పుడు జనం పాతిపెట్టేది బంగారాన్ని. తర్వాతివాళ్లకు చిక్కేది పాతిపెట్టిందే.

లంకెబిందెల కథ చెప్పని ఊరు మన వైపు లేదు. ఆ కథల్లోనూ అంతే, పాత నివేదికల్లోనూ అంతే: బిందెలోపలి దాన్నే లెక్కపెడతారు. నిధి దొరికిన వార్తలో నాణేలు ఒక్కొక్కటీ తూచి రాస్తారు. పాత్ర గురించి ‘మట్టికుండలో’ అన్న ఒక్క ముక్కతో సరి. నాకు కోపం తెప్పించే ముక్క ఇదే. ఎందుకంటే మధ్యయుగపు కుండకు కాలం చెప్పడం మహా కష్టం, కుమ్మరి పేరు రాయడు. నాణేలున్న కుండ విషయంలో ఆ పని నాణేలే చేస్తాయి. లోపల ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్త నాణెం ఏ ఏడాదిదో, కుండను పాతిపెట్టింది ఆ తర్వాతే. ఆ కుండ అంచు, మెడ, పూత బొమ్మ గీసి పెడితే అలాంటి పెంకులే దొరికిన ఇంకో దిబ్బకు కాలం చెప్పవచ్చు. కుండను పారేసినవాడు ఆ దారి మూసేశాడు.

చిలికా సరస్సు సముద్రంలో కలిసే చోట, పూరీ జిల్లా మాణిక్‌పట్నాలో, తవ్వకాల్లో చైనా సెలడాన్ పింగాణీ ముక్కలూ దొరికాయి, సింహళ రాజు సహస్సమల్ల (1200–1202) నాణెమూ దొరికింది. ఆ నేలలో అవి ఇరుగుపొరుగు. లైబ్రరీలో మాత్రం నాణెం శ్రీలంక నాణేల పుస్తకంలోకి, గిన్నె పింగాణీ పుస్తకంలోకి వెళ్లిపోతాయి. వాటితో అన్నం తిన్న రేవువాళ్లు ఏ పుస్తకంలోకీ వెళ్లరు.

ఇంకో చిన్న సంగతి. పాత బంగారు నాణేలు చాలావాటికి చిల్లో, అతికించిన కొక్కెమో ఉంటుంది. నాణేల కేటలాగులో అది లోపం. ‘చిల్లు పడింది’ అని రాసి ధర తగ్గిస్తారు. మన ఆడవాళ్ల కాసులపేరు తెలిసినవాడికి అది లోపం కాదు. చెల్లుబాటు పోయిన డబ్బు మెడలోకి ఎక్కిన గుర్తు. నాణెం ఇంటి వస్తువుగా మారింది అక్కడే. ఆ రెండో జన్మను నమోదు చేయడానికి కేటలాగులో గడి లేదు.

బీరువాల సంగతి

లైబ్రరీవాళ్లను తిట్టి లాభం లేదు. పుస్తకం ఒకటే అయినా దాన్ని రెండు చోట్ల పెట్టలేరు, ఏదో ఒక నంబరు ఇవ్వాలి. మన కాలేజీ లైబ్రరీల్లో ఎక్కువగా నడిచే డ్యూయీ పద్ధతిలో నాణేలు 737.4. అంటే కళల కింద, శిల్పం పక్కన. భారతీయ నాణేలైతే 737.4954. డబ్బుగా డబ్బు గురించి రాస్తే 332.4, ఆర్థికశాస్త్రం. కొలతలు, తూనికలు 389. కాలగణన 529, ఖగోళశాస్త్రం పొరుగున. అంకం లెక్క గురించి విడిగా పుస్తకం ఉంటే అక్కడికి పోతుంది. పురావస్తు శాస్త్రం 930.1, పింగాణీ 738, లోహపు పని 739. మనం పైన చెప్పుకున్న ఒక్క ఫణం కథ కోసం ఇన్ని వరసలు తిరగాలి.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి ఈ విషయంలో కాస్త నయం. చరిత్రకు సాయపడే శాస్త్రాలన్నిటినీ ‘సి’ అక్షరం కింద పెట్టింది: సీసీ పురావస్తువులు, సీఈ కాలగణన, సీజే నాణేలు, సీఎన్ శాసనాలు. ఇవన్నీ కనీసం ఒకే గదిలో ఉంటాయి. ఇంటి వస్తువులు మాత్రం అక్కడా లేవు. వాటి కోసం జీటీ అనే ఆచారాల వరసకో, ఎన్‌కే అనే అలంకార కళల వరసకో పోవాలి. విషయ శీర్షికల్లోనూ అంతే. నాణేలకు ‘కాయిన్స్, ఇండిక్’ అని చక్కగా ఉంది. ఇంటి సామాను, పనిముట్లకు ఉన్న శీర్షిక ‘ఇంప్లిమెంట్స్, యుటెన్సిల్స్, ఎట్సెట్రా’. కుంచం, సెమ్మె, రోలు, చేట, జల్లెడ అన్నీ ఆ ఎట్సెట్రాలో సర్దుకోవాలి.

సరిహద్దు జిల్లాలవాళ్లకు దీని మీద ఇంకో మెలిక. డ్యూయీలో ఒడిశా చరిత్ర 954.13, ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84. శ్రీముఖలింగం చరిత్ర మీద పుస్తకం రెండో వరసలో, కోణార్క్ చరిత్ర మీద పుస్తకం మొదటి వరసలో ఉంటాయి. ఆ గుళ్లు కట్టించిన వంశం ఒక్కటే. గాంగులు తెలుగువాళ్లా ఒడియావాళ్లా అని రెండువైపులా పండితులు చేసిన వాదాలు చాలానే ఉన్నాయి. ఆ తగాదాకు ఇప్పటి రాష్ట్రాల గీతలు గాంగులకు తెలియవన్నదొక్కటే నా సమాధానం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. శ్రీకాకుళం, ముఖలింగం అప్పట్లో ఆ గంజాం జిల్లాలోవే. కొత్త సరిహద్దు గీశాక అవి విశాఖపట్నం జిల్లాలోకి వెళ్లి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. కాబట్టి 1882లో వచ్చిన స్యూవెల్ పురావస్తు జాబితాలో ముఖలింగం కావాలంటే గంజాం కింద చూడాలి. అదే ఏడాది వచ్చిన మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్ కూడా మద్రాసు ప్రచురణే. 1936కు ముందు మన వైపు దొరికిన నిధుల సమాచారం కోసం భువనేశ్వర్ కన్నా ముందు మద్రాసు మ్యూజియం వార్షిక నివేదికలు చూడటం మేలు. కోరాపుట్, జయపురం అయితే పాత విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ కింద. గజపతి, రాయగడ అనే జిల్లా పేర్లు 1992కు ముందటి ఏ పుస్తకంలోనూ తగలవు.

ఊళ్ల పేర్లు ఇంకో గండం. కంప్యూటర్‌లో జయపురం నాణేలు అని ఇంగ్లిషు స్పెల్లింగుతో కొడితే రాజస్థాన్ జైపూర్ ఝార్‌షాహీ రూపాయిలు వరదలా వస్తాయి. పాత పుస్తకాల్లో ఆ రెండు ఊళ్లకూ ఒకే స్పెల్లింగు వాడారు. బరంపురం అని కొడితే బెంగాల్‌లో ముర్షీదాబాద్ పక్కనున్న బరంపురం అడ్డం వస్తుంది. శ్రీకాకుళం అంటే దొరకదు, చికాకోల్ అనాలి. పర్లాకిమిడికి పాత రోజుల నుంచి ఇప్పటిదాకా ఎన్ని స్పెల్లింగులో లెక్కలేదు. స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన తెలుగు పుస్తకాలదైతే మరీ ఘోరం. పేరును ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చినవాళ్లు దీర్ఘాలకు ఒకరు రెండు అక్షరాలు, ఒకరు గీత, ఒకరు ఏమీ లేకుండా రాశారు. ఒకే పుస్తకం మూడు వేషాల్లో ఉంటుంది, మూడూ కొట్టి చూడాల్సిందే.

ఈ చెదిరినవన్నీ ఒక్క చోట పట్టుకున్న మనిషి మన పర్లాకిమిడిలోనే ఉండేవాడు. గిడుగు రామమూర్తి (1863–1940) అనగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. కానీ ఆయన బడిపంతులుగా ఉంటూ ముఖలింగం గుడి గోడల మీది రాతలు తనంతట తాను చదవడం నేర్చుకున్నాడు. గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రిక నాలుగో సంపుటంలో ప్రకటించాడు. గాంగుల కళింగనగరం ముఖలింగమేనని వాదించి నిలబెట్టాడు. మరో చేత్తో సవరల భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు వేశాడు. నిఘంటువును భాషావాళ్లు భాష కోసం చదువుతారు. కొండ ఊళ్లల్లో జనం దేన్ని ఏమని పిలిచేవారో తెలుసుకోవాలంటే వస్తువుల జాబితాగా కూడా చదవవచ్చు. కేటలాగులో మాత్రం శాసనం చరిత్రకు, నిఘంటువు భాషాశాస్త్రానికి పోతాయి.

తెలుగులో ఇంటి వస్తువుల మీద, పనిముట్ల మీద గట్టి పని జరగలేదనుకుంటే పొరపాటు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలు వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయం మీద 1962లో, చేనేత మీద 1971లో వచ్చాయి. తర్వాత మరికొన్ని వృత్తుల మీద సంపుటాలు వచ్చాయి. నాగలిలో ఒక్కో ముక్క పేరు జిల్లాలవారీగా దొరుకుతుంది. లైబ్రరీలో నిఘంటువుల వరసలో నిద్రపోతున్న ఈ పుస్తకాలు నా దృష్టిలో తెలుగులో ఇంటి వస్తువులకూ పనిముట్లకూ ఉన్న మంచి కేటలాగులు. కాకపోతే ఆ సర్వే ఆంధ్రప్రదేశ్ జిల్లాల ప్రాతిపదికన సాగింది. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ల మాటలు ఆ గీతకు అవతల ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా పదాలు దగ్గర చుట్టాలు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు వెతకాలనుకునేవాళ్లు రాజవంశం పేరుతో కాక ఊరి పేరుతో మొదలుపెట్టడం మంచిది, అదీ పాత స్పెల్లింగుతో, 1936కు అటూ ఇటూ రెండు జిల్లాల కిందా. నాణేల కేటలాగులో బొమ్మ కన్నా ముందు ‘ఎక్కడ దొరికింది’ అన్న గడి చూడాలి. అది ఖాళీగా ఉంటే ఆ నాణెం ఎంత అందమైనదైనా మన ఊరి చరిత్రకు పెద్దగా పనికిరాదు. పైన చెప్పిన ఐదు, ఆరు శాసన సంపుటాల్లో అనువాదాలు ఉండవు, మూలపాఠమే. కానీ తెలుగు చదవడం వచ్చినవాళ్లకు దానశాసనం వాక్యం త్వరగానే పట్టుబడుతుంది. బరంపురంలో ఒడియా మీడియంలో చదువుకుని తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాని కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ఇంట్లో అక్షరం తెలిసిన పెద్దవాళ్లూ, కంప్యూటర్ తెలిసిన పిల్లలూ పక్కపక్కన కూర్చుంటే ఈ పని సాగుతుంది.

పొలంలోనో పునాదిలోనో ఏదైనా బయటపడితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. పది రూపాయలు దాటిన విలువ ఉంటే కలెక్టరుకు చెప్పాలి. నేలలో దాగున్న ‘విలువైన ఏ వస్తువైనా’ నిధేనని ఆ చట్టం అంటుంది, నాణెం అని మాత్రమే అనలేదు. కాబట్టి కుండను పగలగొట్టకుండా, ఉన్న చోటే ఫొటో తీసి చెప్పడం అన్నివిధాలా మంచిది.

ఇంట్లో అటక మీద కుంచమో అడ్డో మిగిలి ఉంటే దానికి చట్టంతో పనిలేదు. అంచుదాకా నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలవాలి. ఏ ఊరిది, ఏ సంతలో చెల్లేది, అడుగున ముద్ర ఉందా, ఏ గింజకు వాడేవారు అన్నవి రాసిపెట్టాలి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఇంకో ప్రశ్న అడగాలి: వడ్లు కొలిచేటప్పుడు అంచుకు సమంగా చెయ్యి తిప్పి చదును చేసేవారా, పైన గోపురం పోసి కొలిచేవారా? గోపురం పోస్తే కుంచానికి ఎంత అదనమో ఆ పాత్రతోనే కొలిచి చూసుకోవచ్చు. శాసనంలో కుంచాల లెక్క ఎదురైనప్పుడు ఆ రెండు అంకెలూ పక్కన పెట్టుకునే చదవాలి.